మార్కులు కాదు, బల్ల మీద చూసింది రాయండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రోబో పోటీల కాలం దగ్గర పడింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రోబో ఎట్లా కట్టాలని అడిగినవాళ్లు తక్కువ, స్కోరు దగ్గర గొడవలు రాకుండా ఏం చేయాలని అడిగినవాళ్లు ఎక్కువ. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల స్కూలు పోటీల్లో స్కోరు ప్రోగ్రాం రాసేది, ఆ రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునేది సాధారణంగా నేనే. అందుకని సంపాదకులు ఈ కట్టంతా నాకు పంపేశారు. అన్నీ వేయడానికి చోటు లేదు. ఒకే రకం ప్రశ్నల్లోంచి ఒక్కొక్కటి తీసుకున్నాను.

ప్రశ్న: మా మండలంలోని హైస్కూళ్లన్నీ కలిపి రోబో పోటీ పెడుతున్నాం. 24 టీములు, ఒక్కో టీముకు మూడు రౌండ్లు. గేమ్ మేమే తయారు చేసుకున్నాం. ఎఫ్.ఎల్.ఎల్. (ఫస్ట్ లెగో లీగ్, బల్ల మీద రోబోతో ఆడే పిల్లల పోటీ) పద్ధతిలో మ్యాచ్ రెండున్నర నిమిషాలు. పోయినేడు స్కోర్లు ఎక్సెల్‌లో వేశాం. బహుమతులు ఇచ్చేశాక ర్యాంకులు తారుమారైనట్టు తేలింది. తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోలేకపోయాం. ఈసారి ప్రోగ్రాం రాయించాలా, ఎక్సెల్‌నే బాగు చేసుకుంటే సరిపోతుందా?
— ఒక సైన్స్ టీచర్, కావలి

జవాబు: మాస్టారూ, మీ షీటు నేను చూడలేదు గానీ జరిగింది ఊహించగలను. స్కోరు కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టి ఉంటారు. పక్క కాలమ్‌లు కూడా కలపమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. హడావిడిలో వద్దని నొక్కితే స్కోర్లు కదులుతాయి, పేర్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అది కాకపోతే ఎవరో వాట్సాప్‌లో వచ్చిన అంకెను కాపీ చేసి గడిలో అతికించి ఉంటారు. ఎక్సెల్ దాన్ని టెక్స్ట్ అనుకుంటే సమ్ ఫార్ములా చడీచప్పుడు లేకుండా ఆ గడిని వదిలేస్తుంది. టీము నంబర్లు ‘3-2’ తరహాలో పెట్టి ఉంటే ఇంకో తంటా, అవి తేదీలుగా మారిపోతాయి.

ఇవన్నీ సరిచేసుకోవచ్చు. నాకు వీటికన్నా పెద్ద ఇబ్బంది మీ షీటులో టీముకు ఒక్క గడి, ఆ గడిలో 135 అని ఉండటం. ఆ 135 ఎట్లా వచ్చిందో గంట తర్వాత ఎవరికీ తెలియదు. రిఫరీ మనసులో కూడి చెప్పాడు, మీరు వేశారు. తప్పు కూడికలో జరిగిందా, వినడంలో జరిగిందా, చూడటంలో జరిగిందా? వెనక్కి వెళ్లి వెతుక్కోవడానికి దారే లేదు.

మీరు ఎఫ్.ఎల్.ఎల్. పద్ధతి అన్నారు గనక అక్కడి లెక్కే ఒకటి చెప్తాను. ఇటీవలి సీజన్లలో ఆట మొదట్లో టీముకు ఆరు ప్రెసిషన్ టోకెన్లు ఇస్తున్నారు. రోబో తన హోమ్ (బయల్దేరే చోటు) దాటి బయట ఉండగా పిలకాయలు చెయ్యి పెట్టి ఆపితే రిఫరీ ఒక టోకెన్ తీసేస్తాడు. చివరికి ఒకటి మిగిలితే 10 పాయింట్లు, రెండుంటే 15, మూడుంటే 25, నాలుగుంటే 35, ఐదుంటే 50, ఆరున్నా 50. టోకెన్ల సంఖ్యను దేనితోనో గుణిస్తే ఈ వరస రాదు. ప్రోగ్రాంలో ఒక చిన్న పట్టిక పెట్టుకుని అందులోంచి తీయాల్సిందే. ఇప్పుడు చివరి రెండూ చూడండి. షీటులో 50 అని మాత్రమే ఉంటే, మిగిలినవి ఐదా, ఆరా? చెప్పలేం. టోకెన్లు ‘5’ అని రాసి ఉంటే 50 ఎప్పుడు కావాలన్నా లెక్క కట్టుకోవచ్చు. 50 నుంచి 5కు వెనక్కి రాలేం.

మీది సొంత గేమ్ గనక ఇది మీకు ఇంకా ముఖ్యం. కొత్త గేమ్ నియమాల్లో ఏదో ఒక లొసుగు పోటీ రోజునే బయటపడుతుంది. గీసిన గడిలో పెట్టాల్సిన వస్తువు గురించి ఒక బల్ల దగ్గర రిఫరీ ‘గీత తాకితే లోపలే’ అనుకుంటాడు, ఇంకో బల్ల దగ్గర ‘పూర్తిగా దాటితేనే లోపల’ అనుకుంటాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి తెలుస్తుంది. ‘లోపల’, ‘గీత మీద’, ‘బయట’ అని మూడుగా రాసుకుని ఉంటే, నియమం ఒకచోట మార్చి పొద్దుటి మ్యాచ్‌లన్నీ మళ్లీ లెక్క కట్టించడం చిటికెలో పని. పాయింట్లు మాత్రమే రాసి ఉంటే పొద్దున ఆడినవాళ్లందరినీ మళ్లీ ఆడించాలి. అందుకే స్కోరు షీటులో పాయింట్ల మాటే ఉండకూడదంటాను. రిఫరీ కంటితో చూసింది మాత్రమే ఉండాలి. లెక్క పని కంప్యూటర్‌కు వదిలేయండి.

షీటు తయారు చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఏ ప్రశ్నకూ ముందే ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉంచకండి. ఖాళీగా ఉన్న ప్రశ్న అంటే రిఫరీ ఇంకా చూడలేదని అర్థం. అన్నీ నింపేదాకా సబ్మిట్ బటన్ పనిచేయకూడదు. ఆడి సున్నా తెచ్చుకున్న టీము, మ్యాచ్‌కు రాని టీము, ఇంకా వంతు రాని టీము — ఈ ముగ్గురూ మీ ప్రోగ్రాంలో మూడు రకాలుగా కనపడాలి. ఎక్సెల్‌లో సగటు తీసే ఫార్ములా సున్నాను కలుపుకుంటుంది, ఖాళీ గడిని కలుపుకోదు. గైర్హాజరైన టీముకు గడి ఖాళీగా వదిలితే దాని సగటు ఆడిన టీము కన్నా పైకి పోయినా ఆశ్చర్యం లేదు.

ఇక బల్ల దగ్గరి సంగతి. టైం అయిపోగానే పిలకాయలు సంతోషం పట్టలేక రోబోను లాక్కోబోతారు. మోచెయ్యి తగిలి, రోబో నిలబెట్టిన మోడల్ (బల్ల మీద ఉండే ఆట వస్తువు) కాస్తా పడిపోతుంది. ఆ క్షణం నుంచి ఎవరి మాట వాళ్లది. కాబట్టి బజర్ మోగగానే అందరూ చేతులు వెనక్కి కట్టుకోవాలని ముందే చెప్పండి. రిఫరీ వంగి ఒక్కో మోడల్ మీద వేలు పెట్టి చూపించాలి. ‘ఇది గీత మీదుంది, ఔనా?’ అని పిలకాయల్నే అడగాలి. వాళ్లు ఔనన్నాక టిక్కు. అన్నీ అయ్యాక టీములో ఒకరు సంతకం పెట్టాలి, లేదా ఫోన్‌లో ఒప్పుకున్నట్టు నొక్కాలి. అప్పటిదాకా మ్యాట్ మీద ఏదీ కదలకూడదు. ఎటూ తేలని సందర్భమైతే టీముకు మేలు జరిగేలా రాయమని ఎఫ్.ఎల్.ఎల్. నియమాలు చెప్తాయి. మీరూ అదే పెట్టుకోండి, సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత దిద్దుబాటు చేయాల్సి వస్తే పాత అంకె చెరిపి కొత్తది వేయొద్దు. కిరాణా కొట్టు ఖాతాలో పాత పద్దు కొట్టేసి కింద కొత్త పద్దు రాసినట్టు, పాతది కనపడుతూనే ఉండాలి. ఎవరు మార్చారు, ఎన్ని గంటలకు, ఎందుకు — ఈ మూడూ పక్కన ఉండాలి. బ్రిటన్‌లో స్టూడెంట్ రోబోటిక్స్ అనే పోటీ ఉంది. వాళ్ల ఎస్.ఆర్.కాంప్ సాఫ్ట్‌వేర్ స్కోర్లను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా గిట్‌లో (ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాంలో) దాస్తుంది. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ చరిత్రలో ఉంటుంది. స్కోర్ల కోసం వేరే డేటాబేస్ అంటూ లేదు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. 24 టీములు, మూడు రౌండ్లు, అంటే 72 షీట్లు. ఒకే మనిషి కూర్చుని వేసుకుంటే ఎక్సెల్ చాలు. కాకపోతే పై పద్ధతిలో, ప్రతి ప్రశ్నకూ ఒక కాలమ్ పెట్టి, నింపే షీటు వేరు, ర్యాంకుల షీటు వేరుగా. నాలుగు బల్లలు ఒకేసారి నడుస్తూ నలుగురు రిఫరీలు నాలుగు ఫోన్లలో నింపేటట్టయితే అప్పుడు ప్రోగ్రాం రాయించండి. ఎఫ్.ఎల్.ఎల్., వెక్స్ లాంటి పెద్ద రోబో పోటీలను అధికారికంగా పెట్టేవాళ్లు మాత్రం సొంత పైత్యం జోలికి పోకుండా ఆ సంస్థలిచ్చే సాఫ్ట్‌వేరే వాడాలి. వెక్స్‌కు టోర్నమెంట్ మేనేజర్ అని ఉంది, మ్యాచ్‌ల వరస నుంచి ర్యాంకుల దాకా అదే చూసుకుంటుంది.

ప్రశ్న: ఒక పోటీలో మా పాప టీముకు 240, 205, 200 వచ్చాయి. మొత్తం 645. ఇంకో టీముకు 240, 180, 210. మొత్తం 630. అయినా వాళ్లనే పైన వేశారు. కంప్యూటర్ అట్లా ఇచ్చింది, మేమేం చేయలేమన్నారు. పైగా రెండో రౌండ్‌లో రిఫరీ ఒక మోడల్ సరిగా చూడలేదు. నా ఫోన్‌లో వీడియో ఉంది. చూపిస్తే, మేము చూడం అన్నారు. ఇదెక్కడి న్యాయం?
— ఒక తండ్రి, పొదిలి

జవాబు: ముందు లెక్క. ఎఫ్.ఎల్.ఎల్. రోబో గేమ్‌లో మూడు రౌండ్లూ కూడరు. ఒక్కో టీము అత్యధిక స్కోరు ఒక్కటే చూస్తారు. అది సమానమైతే రెండో అత్యధిక స్కోరు, అదీ సమానమైతే మూడోది. మీ రెండు టీములకూ 240 ఉంది. తర్వాత మీ పాప టీముకు 205, అవతలి టీముకు 210. అక్కడితో తేలిపోయింది, మూడో అంకె దాకా పోనేలేదు. కాబట్టి ర్యాంకు సరైనదే. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లోని రోబోమిషన్ అనే పోటీలో అయితే స్కోరు సమానమైనప్పుడు ఎవరు తక్కువ టైంలో పూర్తి చేశారో చూస్తారు. ఆట ఆటకూ పద్ధతి మారుతుంది.

మొత్తం మార్కులు ఎక్కువ ఉన్నవాళ్లే గెలవాలని మనకు బడి పరీక్షల అలవాటు. రోబోతో పని వేరు. ఒక రౌండ్‌లో చక్రం ఊడిపోయిందనుకోండి, ఆ టీము రోజంతా నష్టపోకూడదని బెస్ట్ స్కోరు పద్ధతి పెట్టారు. నాకైతే పిలకాయల పోటీకి ఇదే మేలనిపిస్తుంది.

వీడియో సంగతి. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే రోబో పోటీలో గానీ వెక్స్‌లో గానీ రిఫరీలు వీడియో చూసి తీర్పు మార్చరు. నియమాల్లోనే అట్లా రాసి ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. వీడియో తీసే అమ్మానాన్న వచ్చిన టీముకు ఒక న్యాయం, రాని టీముకు ఇంకో న్యాయం అవుతుంది. హాస్టల్ నుంచి టీచర్ ఒక్కరే తీసుకొచ్చిన పిలకాయలకు ఫోన్ పట్టుకునేదెవరు? అడగాల్సింది ఏదైనా ఉంటే ఆ బల్ల దగ్గరే, సంతకం పెట్టకముందే, టీములోని పిల్లలే అడగాలి. మీ పాపకు ఆ మాట ముందే చెప్పి పంపండి.

అయితే ‘కంప్యూటర్ అట్లా ఇచ్చింది’ అన్నారు చూడండి, అది మాత్రం నాకు కోపం తెప్పించింది. కంప్యూటర్ ఏదీ ఇవ్వదు, నిర్వాహకులు పెట్టిన నియమాన్ని అమలు చేస్తుంది. ఆ నియమమేదో చెప్పే బాధ్యత వాళ్లదే. ప్రొజెక్టర్ తెర మీద ర్యాంకు పక్కన మీకు 240 / 205 / 200 అని, వాళ్లకు 240 / 210 / 180 అని పెద్ద నుంచి చిన్నకు వరసగా చూపించి, తేడా వచ్చిన అంకెకు రంగు వేస్తే మీరీ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. స్కోరింగ్ ప్రోగ్రాం రాసేవాళ్లు దయచేసి ఈ పేరా చదవండి.

ప్రశ్న: అక్కా, మేము రెండు టీములు కలిసి ఇంకో రెండు టీములతో ఆడే గేమ్ పెడుతున్నాం. 26 టీములు, ఒక్కొక్కరికి ఐదు మ్యాచ్‌లు. పైథాన్‌లో లిస్టును షఫుల్ చేసి నాలుగేసి టీములుగా విడగొడితే సరిపోదా?
— బీటెక్ మూడో సంవత్సరం, ఒంగోలు

జవాబు: ముందు లెక్క వేసి చూడు తమ్ముడూ. 26 ఐదులు 130. మ్యాచ్‌కు నలుగురు. 32 మ్యాచ్‌లు పోను ఇద్దరు మిగులుతారు. అంటే 33వ మ్యాచ్ నిండాలంటే రెండు టీములు ఆరోసారి ఆడాలి. ఆ అదనపు ఆట వాళ్ల ర్యాంకులో కలవకూడదు. అమెరికా పోటీల్లో దీన్ని సరోగేట్ మ్యాచ్ అంటారు. ఏ మ్యాచ్ సరోగేటో షెడ్యూలు మీద ముందే గుర్తు పెట్టాలి. ఆట అయ్యాక గుర్తు పెడితే ‘ఓడిన మ్యాచ్ కాబట్టి తీసేశారు’ అంటారు.

షఫుల్ చేస్తే వచ్చే చిక్కు నువ్వే ఒకసారి నడిపి చూసుకో. ఒక టీముకు వరసగా రెండు మ్యాచ్‌లు పడతాయి, బ్యాటరీ మార్చుకునే టైం ఉండదు. ఇంకో టీముకు గట్టి జోడీ రెండుసార్లు పడుతుంది. అందుకని తప్పులకు ధర కట్టు. వరస మ్యాచ్‌లు పడితే పెద్ద జరిమానా, జోడీ రిపీట్ అయితే ఒక మోస్తరు, ప్రత్యర్థి రిపీట్ అయితే చిన్నది. షఫుల్ చేసిన షెడ్యూలుతో మొదలుపెట్టి, రెండు టీముల చోట్లు మార్చి చూడు. జరిమానా తగ్గితే ఉంచు. పెరిగినా మొదట్లో అప్పుడప్పుడు ఒప్పుకో, పోనుపోను ఒప్పుకోవడం తగ్గించు. లేకపోతే ఒక నాసిరకం షెడ్యూలు దగ్గరే ఇరుక్కుపోతావు. సిమ్యులేటెడ్ అనీలింగ్ అంటే ఇదే. ఫస్ట్ అనే అమెరికా సంస్థ పోటీల్లో వాడే మ్యాచ్‌మేకర్ ప్రోగ్రాం కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. నీ 26 టీములకు మామూలు లాప్‌టాప్ చాలు.

షెడ్యూలును టీము పేర్లతో చేయకు. 1 నుంచి 26 అంకెలతో చేసి, ఏ అంకె ఎవరిదో స్టేజి మీద చీటీలు తీయించు. అప్పుడు నీ కాలేజీ టీముకు తేలికైన మ్యాచ్‌లు ఇచ్చావని ఎవరూ అనరు. ఇంకోటి, రాత్రే చేసిపెట్టుకుని నిద్రపోకు. పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల మూసేసి, వచ్చిన టీములను లెక్కపెట్టాకే బటన్ నొక్కు. బస్సు అందక ఒక టీము రాకపోవడం మన దగ్గర మామూలే.

ప్రశ్న: మేము పోటీ పెట్టే కళ్యాణ మండపంలో నెట్ సిగ్నల్ రాదు, కరెంటు మీద నమ్మకం లేదు. రిఫరీల ఫోన్ల నుంచి స్కోర్లు ఎట్లా తెప్పించుకోవాలి? టైమర్ కూడా ఒక్కో తెర మీద ఒక్కోలా చూపిస్తోంది.
— ల్యాబ్ అసిస్టెంట్, నెల్లూరు

జవాబు: నెట్ లేకపోవడమే మంచిది, టెన్షన్ తగ్గుతుంది. ఒక వైఫై రౌటర్, ఒక లాప్‌టాప్ చాలు. లాప్‌టాప్‌లో సర్వర్ నడపండి. రౌటర్ సెట్టింగుల్లో ఆ లాప్‌టాప్‌కు ఎప్పుడూ ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) వచ్చేలా కట్టేయండి. ఆ అడ్రసు క్యూఆర్ కోడ్‌గా ప్రింట్ తీసి ప్రతి బల్లకూ అతికిస్తే రిఫరీ స్కాన్ చేసి బ్రౌజర్‌లో తెరుచుకుంటాడు. డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫైలు మాత్రం ఆ లాప్‌టాప్ సొంత డిస్కు మీదే ఉండాలి, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో కాదు.

అందరూ తడబడే చోటొకటి ఉంది. వైఫైలో ఇంటర్నెట్ లేదని తెలిసిన వెంటనే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటాకు మారిపోతాయి. రిఫరీ సబ్మిట్ కొడతాడు, పేజీ తిరుగుతూనే ఉంటుంది. పోటీ మొదలయ్యే ముందు రిఫరీల ఫోన్లన్నీ చేతికి తీసుకుని మొబైల్ డేటా ఆపేయండి. పేజీ తిరుగుతుంటే మనిషి ఊరుకోడు, మళ్లీ మళ్లీ నొక్కుతాడు. అందుకని ఫారం తెరుచుకున్నప్పుడే దానికొక ప్రత్యేక నంబరు వేయండి. అదే నంబరుతో రెండోసారి వస్తే సర్వర్ కొత్త స్కోరుగా తీసుకోకూడదు. రోబోల బ్లూటూత్, జనం ఫోన్ల హాట్‌స్పాట్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి గనక స్కోరు వైఫైని 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకోండి.

కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. ఈ సంగతి కరెంటు పోయాక గాని చాలామందికి గుర్తు రాదు. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గనక ఆ నెలల్లో పోటీ పెడితే రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనకుండా ముందుకు పోవద్దు. ప్రతి బల్ల మీదా కాగితం స్కోరు షీట్లు, పెన్ను ఎట్లాగూ ఉండాలి.

టైమర్ తేడాకు కారణం, బహుశా మీ పేజీ సెకనుకోసారి ఒకటి తగ్గించుకుంటూ పోతోంది. వేరే ట్యాబ్‌లోకి వెళ్తే బ్రౌజర్ ఆ లెక్కను నెమ్మదింపజేస్తుంది. వెనక్కి వచ్చేసరికి టైం వెనకబడి ఉంటుంది. తగ్గించడం మానేసి, మ్యాచ్ ఎన్ని గంటలకు మొదలైందో సర్వర్ దగ్గర రాసుకోండి. ప్రతి తెరా ‘ఇప్పుడు’ నుంచి ‘మొదలు’ తీసేసి, మ్యాచ్ రెండున్నర నిమిషాలైతే 150 సెకన్లలో ఎంత మిగిలిందో చూపించాలి. ఫోన్ గడియారం, లాప్‌టాప్ గడియారం కలవవు గనక పేజీ తెరవగానే రెండింటి తేడా కొలిచి పెట్టుకోవాలి. ఎన్ని తెరలున్నా, ఆట ఆగేది మాత్రం హాల్లో మోగే ఒక్క బజర్‌తోనే అని రిఫరీలకు చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. రోబో కట్టడం కన్నా కోడ్ రాయడం ఇష్టం. పైథాన్ కొంచెం వచ్చు. స్కోరింగ్ ప్రోగ్రాం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఆత్మకూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: కంప్యూటర్ దగ్గర కాదమ్మా, కాగితం దగ్గర. ఏదైనా ఒక గేమ్ నియమాల పుస్తకం తీసుకుని, మ్యాచ్ అయిపోయినట్టు ఊహించుకుని పది స్కోరు షీట్లు చేత్తో నింపు. ఒకదాంట్లో అన్నీ సాధించినట్టు, ఒకదాంట్లో ఏమీ సాధించనట్టు రాయి. ఒకదాంట్లో కావాలనే జరగడానికి వీల్లేనిది రాయి. ఒకే మోడల్ లోపలా ఉంది, బయటా ఉంది, అట్లాంటిది. ఒక్కోదానికి పాయింట్లు నువ్వే లెక్క కట్టి కాగితం వెనక వేసుకో. నియమం అర్థం కాక ఎక్కడ ఆగిపోయావో అక్కడ గుర్తు పెట్టి మీ సైన్స్ మాస్టారిని అడుగు. ఆయనా తేల్చలేకపోతే అది పోటీ పెట్టేవాళ్లు తేల్చాల్సిన సంగతి, నీ కోడ్ తేల్చాల్సింది కాదు.

అప్పుడు ప్రోగ్రాం మొదలుపెట్టు. పది షీట్లూ వేస్తే కాగితం వెనకున్న అంకెలే రావాలి. వీల్లేని షీటును అది తీసుకోనని చెప్పాలి. 95, 240 వచ్చిన రెండు టీములకు ర్యాంకు వేయించు. 95 పైకొచ్చిందంటే నువ్వు అంకెలను అక్షరాలుగా పోలుస్తున్నావని అర్థం.

ఆ పది షీట్లూ పత్రిక చిరునామాకు పంపు. పదకొండోది నేను నింపి పంపుతాను, నీ ప్రోగ్రాం దాన్నేం చేస్తుందో చూద్దాం.